ఆటల యంత్రములు – మన యిండ్లు

(సత్తువాచారిలో మన సంఘ సభ్యుల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాట్లాడబోవు విషయమును ఆహ్వాన పత్రికలో చూచి మీలో కొందరు నవ్వుకొని యుందురు. మన కూటములలో పిల్లల తెలుగు చదువును గూర్చియు, పండుగలను గూర్చియు, పెండ్లి సంబంధములను గూర్చియు ముచ్చటించుకొనుట వాడుక. వీడియో ఆటలు, వాటిని ఆడించు యంత్రములు, వాటి వెనుకనున్న వ్యాపారము ఈ వేదిక కెక్కుట క్రొత్త. అయినను ఇది పిల్లల ముచ్చట యని త్రోసివేయదగినది కాదని మా యభిప్రాయము. బడి విడిచి యింటికి వచ్చిన పిల్లవాడు రాత్రి నిద్రించులోపల ఎవరితో మాట్లాడుచున్నాడు, ఏ భాషలో మాట్లాడుచున్నాడు, ఎవరికి డబ్బు చెల్లించుచున్నాడు అను ప్రశ్నలకు సమాధానము నేడు చాల యిండ్లలో ఆటయందే యున్నది.

మేము వైద్యులము కాము, వర్తకులమును కాము. బాల్యమునుండి నేటివరకు ఈ ఆటలను విడువక ఆడుచు వచ్చినవారము. కావున ఆటలు చెడ్డవని చెప్పుటకు రాలేదు. మంచి ఆట మంచి కథవంటిది, మంచి సంగీతమువంటిది. మేము చెప్పదలచినది ఒక్కటే. ఇంటి నడుమ, టీవీ ముందు, నలుగురు కూర్చుండి ఆడుకొను ఆట వేరు. చీకటి గదిలో సెల్ ఫోనుపై ఒంటరిగా ఆడు ఆట వేరు. మొదటిది వెల చెల్లించి మనము కొన్నది. రెండవది వెల లేదని చెప్పి మనలను కొనునది. తమిళనాట తరతరములుగా నివసించుచు, యింటిలోపలి మాటవలననే భాషను నిలుపుకొనుచున్న మనకు ఈ భేదము ఇతరులకంటె ఎక్కువగా పట్టవలెను.

మొదట మన పాత ఆటలను తలచుకొందము. దాయము, వామనగుంటలు, పులిజూదము, వైకుంఠపాళి మన యిండ్ల అరుగులమీద ఆడినవే. వామనగుంటలను మన పొరుగువారు పల్లాంకుళి యందురు, వైకుంఠపాళిని పరమపదమందురు. వైకుంఠ ఏకాదశి రాత్రి జాగరణకై పరమపదపు పటము పరచుకొని కూర్చుండుట ఈ ప్రాంతపు వారందరికిని తెలిసినదే. ఈ పటమే పాశ్చాత్య దేశములకు పోయి పాములు నిచ్చెనలు అను పేర తిరిగి మనకు వచ్చెను. పచ్చీసు ఇంగ్లండునకు పోయి లూడో యయ్యెను; దానికి అచ్చట 1896లో పేటెంటు తీసికొనిరి.

ఈ ఆటలలో గమనింపదగిన గుణము లున్నవి. పటమునకు వెల ఒక్కసారియే. గవ్వలకు అదియును లేదు. పటము ఒకరి యింటిలో లేనియెడల పక్కింటినుండి తెచ్చుకొనవచ్చును. పటము మాట్లాడదు, గవ్వలు మాట్లాడవు, మాట్లాడవలసినవారు ఆడువారే. "పాము మ్రింగెను, దిగు" అని అవ్వ చెప్పిన మాటవలన పిల్లవానికి ఆటయు వచ్చును, మాటయు వచ్చును. లెక్కలు, పందెములు, తగవులు, రాజీలు అన్నియు తెలుగులోనే జరిగెడివి. భాష నేర్పుచున్నామని ఎవరును అనుకొనలేదు. ఆట ఆడుచున్నామనియే అనుకొనిరి.

ఇప్పుడు యంత్రముల సంగతి. ఇంటి టీవీకి తగిలించి ఆడుకొను తొలి యంత్రము 1972లో అమెరికాలో వెలువడిన మాగ్నవాక్స్ ఒడిస్సీ. రాల్ఫ్ బేయర్ అను ఇంజనీరు దానిని కల్పించెను. దానికి శబ్దము లేదు. గెలుపోటముల లెక్క వేయు శక్తియు లేదు. టీవీ తెరపై రంగుల ప్లాస్టిక్ కాగితము లంటించి అదియే ఆటస్థలమని భావించుకొనవలెను. ఆ పెట్టెతోపాటు పాచికలు, ఆట నోట్లు కూడ ఇచ్చిరి. అందలి టెన్నిస్ ఆట ఆడుటకు ఇద్దరు కావలెను. లెక్క వారే వేసికొనవలెను. అనగా తొలి యంత్రము మన దాయపు పటమునకు దూరపు చుట్టము కాదు, దగ్గరి చుట్టమే.

తరువాత ఈ రంగమున పేరు మోసినది జపానులోని నింటెండో. అది 1889లో క్యోటో నగరమున హనాఫుడా అను పూల పేకముక్కలు చేయు అంగడిగా పుట్టినది. ఆ సంస్థ 1983లో ఫామికామ్ అను యంత్రమును విడుదల చేసెను. ఆ పెట్టెకు రెండు కంట్రోలర్లు తీగతో అతికియే వచ్చెడివి. రెండవది వేరుగా కొనవలసిన పని లేదు. ఇద్దరు ఆడుదురని తయారుచేసినవారే ఎంచుకొనిరి.

ఆ ఫామికామ్ మన దేశమునకు తన పేరుతో రాలేదు. దాని నకళ్ళు 1990 తరువాతి యేండ్లలో టీవీ గేము అను పేర వచ్చినవి. చెన్నైకి పోయిన బంధువులు రిచీ వీధినుండియో బర్మా బజారునుండియో తెచ్చి యిచ్చినవి కొన్ని. క్యాసెట్టు పనిచేయనప్పుడు దానిని తీసి నోటితో ఊది మరల పెట్టుట మా తరమువారి కందరికిని వచ్చిన విద్య. మారియో, కాంట్రా మా పురాణములు. కాంట్రాలో ఇద్దరు సిపాయిలు ఒక్కటిగా పోవుదురు. అందు ఒక జలపాతపు ఘట్టము కలదు. ఒకడు తొందరపడి పైకెక్కినచో తెర పైకి జరిగి క్రింద మిగిలినవాడు చచ్చును. కావున "ఆగరా, నేను రానీ" అని కేకవేయక గత్యంతరము లేదు. ఆ కేక మన యిండ్లలో తెలుగులోనే వినబడెను. తెరమీది అక్షరములు ఇంగ్లీషువైనను ఆట తెలుగులోనే ఆడితిమి. మేము చెప్పదలచిన దానికి ఇదియే మూలము.

ఆ క్యాసెట్టునకు మరియొక గుణ ముండెను. అది వస్తువు. ఒకరి యింటినుండి మరియొకరి యింటికి పోయెడిది. అన్న ఆడినది తమ్మునికి వచ్చెడిది. క్యాసెట్టు పోయి డిస్కు వచ్చినను ఈ గుణము పోలేదు. సోనీవారు 2000లో తెచ్చిన ప్లేస్టేషన్ 2 ప్రపంచమున 16 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. దాని డిస్కులును చేతులు మారుచునే యుండెను.

ఈ గుణమును తీసివేయుటకు వ్యాపారులు చాల కాలముగా ప్రయత్నించుచున్నారు. 2013లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ వన్ అను యంత్రమును ప్రకటించుచు, డిస్కును ఇతరులకు ఇచ్చుటకు, తిరిగి అమ్ముటకు కట్టుబాట్లు పెట్టిరి. దానికి ప్రతిగా సోనీవారు ఒక చిన్న చిత్రము చూపిరి. తమ యంత్రమున ఆటను స్నేహితునికి ఎట్లు ఎరువియ్యవలెనో తెలుపు చిత్రమది. అందు ఒకడు డిస్కు పెట్టె నందించును, రెండవవాడు పుచ్చుకొనును. అంతే. లోకము నవ్వినది. కొలది దినములలోనే, జూన్ నెలలో, మైక్రోసాఫ్ట్ వారు తమ కట్టుబాట్లను వెనుకకు తీసికొనిరి. కొనువారు గట్టిగా కాదన్నచో ఎంతటి సంస్థయైనను దిగివచ్చునని ఆనాడు తేలినది.

కాని ఆ గెలుపు నిలువలేదు. తలుపు మూసినచో కిటికీనుండి వచ్చినట్లు, డిస్కే లేని యంత్రము వచ్చెను. ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021లో రెండు విధములుగా విడుదల యయ్యెను. డిస్కు పెట్టు వీలున్నదానికి రు. 49,990. డిస్కు లేనిదానికి రు. 39,990. పదివేలు మిగులునని చాలమంది రెండవది కొనిరి. ఆ పదివేలు దేనికి వెలయో ఆలోచింపుడు. అది ఎరువిచ్చు హక్కుకు, ఎరువు తెచ్చుకొను హక్కుకు, ఆడి ముగించిన పిదప అమ్ముకొను హక్కుకు వెల. ఆనాడు క్రొత్త ఆట ఒక్కొక్కటి రు. 4,999 వరకు పలికెను. రెండు మూడు ఆటలు ఇచ్చి పుచ్చుకొన్నచో ఆ పదివేలు తిరిగి చేతికి వచ్చును.

డిస్కు లేక దిగుమతి చేసికొన్న ఆట మనది కాదా యని మీరడుగవచ్చును. కాదు. అది అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసెను. ఇట్టి సరుకు నమ్మువారు అది వినియోగపు అనుమతి మాత్రమేయని స్పష్టముగా తెలుపక "కొనుడు" అను మాట వాడరాదని దాని సారము. ఆ చట్టము 2025 జనవరి 1నుండి అమలులోనికి వచ్చెను. దాని అవసర మేమో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో ది క్రూ అను కారు పందెముల ఆట నమ్మెను. పది యేండ్ల పిదప, 2024 మార్చి 31న, తన సర్వర్లను ఆపివేసెను. ఆట డిస్కు చేత నున్నవారికి కూడ ఆట లేకపోయెను. దీనిపై రేగిన ఉద్యమమున ఐరోపాలో 2025 నాటికి పదిలక్షలకు మించి సంతకములు చేసిరి.

మన బీరువాలో తాతగారి భాగవతమున్నది. అచ్చువేసినవారి అంగడి మూతబడినదని ఆ పుస్తకము బీరువానుండి మాయము కాదు. ఆటలకు ఆ భాగ్యము లేదు. అమెరికాలో వీడియో ఆటల చరిత్రను భద్రపరచు ఒక సంస్థ 2023లో లెక్కించి చూడగా, 2010నకు ముందు ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని తేలెను. మనవలకు చూపవలెనన్నను మన బాల్యపు ఆట దొరకదు. చేతినుండి చేతికి అందనిది ఏదియైనను ఒక తరములో నశించునని, భాష విషయమున అనుభవము గల మనకు ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక తెలుగువాని ప్రస్తావన రాక తప్పదు. ఈనాడు కన్సోలు వ్యాపారమున మూడు పెద్ద పేర్లు సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్. ఈ మూడవ సంస్థకు 2014 ఫిబ్రవరిలో అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టి పెరిగిన తెలుగువారు. ఆ యేడే ఆ సంస్థ మైన్‌క్రాఫ్ట్ అను ఆటను చేసిన స్వీడను కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనెను. 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొనెను. ఆటల చరిత్రలో అంతకు ముందు అంత పెద్ద బేరము జరిగి యుండలేదు. మన సెల్ ఫోనులలోని క్యాండీ క్రష్ కూడ ఆ బేరముతో ఆ చేతికే పోయినది.

తెలుగువాడు అంత యెత్తున కూర్చుండుట చూచి మేమును గర్వించితిమి. కాని గర్వము వేరు, ఖాతాదారుని విచారణ వేరు. బేరము ముగిసిన మూడు నెలలకే, 2024 జనవరిలో, ఆ సంస్థ ఆటల విభాగమునుండి 1,900 మందిని తొలగించెను. మే నెలలో టాంగో గేమ్‌వర్క్స్ అను జపాను స్టూడియోను మూసివేయుచున్నట్లు ప్రకటించెను. హై-ఫై రష్ అను ముచ్చటైన ఆట చేసి అంతకుముందు సంవత్సరమే అందరి మెప్పును పొందిన స్టూడియో అది. తరువాత కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ దానిని చేరదీసినది. నెల చందాకు వందలాది ఆటలిత్తుమన్న గేమ్ పాస్ పై తరగతి చందా 2025 అక్టోబరులో అమెరికాయందు 19.99 డాలర్లనుండి 29.99 డాలర్లకు పెరిగెను. చందా కట్టినంతకాలము ఆటలుండును. మానిన మరునాడు అలమార ఖాళీ. అద్దె యింటికిని సొంత యింటికిని గల భేదము మన పెద్దలకు తెలియనిది కాదు. అద్దె పెంచువాడు మనవాడైనంతమాత్రమున అది సొంత యిల్లు కాదు.

అయినను ఇవి యన్నియు కొలదిపాటి నష్టములే. డబ్బు పోవును, డిస్కు పోవును, ఇల్లు పోదు. ఇంటికే ఎసరు పెట్టునది వేరొకటి కలదు. అది వెల లేని ఆట.

సెల్ ఫోనులోని ఆటకు ప్రవేశ రుసుము లేదు. లోపలికి పోయిన పిదప పెట్టెలు కనబడును. డబ్బు చెల్లించి పెట్టె తెరచినచో మంచి ఆయుధము రావచ్చును, చెత్తయు రావచ్చును. సంతలో చక్రము త్రిప్పి బొమ్మలిచ్చు వానికిని దీనికిని భేదమేమి? బెల్జియం దేశము 2018లోనే ఇట్టి పెట్టెలు జూదమని నిర్ణయించెను. పైగా అందు మనము కొన్న వేషములు, ఆయుధములు ఏనాటివరకు మనవో తెలియదు. పబ్జీ మొబైల్ ఆటను 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వము నిషేధించెను. దాని స్థానమున 2021లో వచ్చిన ఆట 2022 జూలైలో ఆగిపోయి 2023 మే నెలలో తిరిగి వచ్చెను. తెరయందు పెట్టిన డబ్బు నీటిపై వ్రాత.

దీనికంటె కఠినమైనది డబ్బు పందెపు రమ్మీ. దీని చరిత్రలో తెలుగుదేశమునకు పెద్ద పాత్ర కలదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడగా నడచిన కేసులో, 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని ఆడవలసిన నేర్పుగల ఆటయని ఆ తీర్పు సారము. ఏబది యేండ్ల పిదప ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ మాటనే డాలుగా పట్టుకొనినవి. కాని ఆ తీర్పులోనే మరియొక మాట కలదు. ఆ ఆటవలన క్లబ్బు యజమానియే లాభము తీయుచున్నట్లు తేలినచో అది నేరము కావచ్చునని న్యాయమూర్తులు హెచ్చరించిరి. కంపెనీలు మొదటి మాటను గట్టిగా చదివి రెండవ మాటను మెల్లగా చదివినవని మా యభిప్రాయము. ప్రతి పందెమునుండియు తన వాటా తీసికొను యంత్రము క్లబ్బు కాదు.

ఈ వ్యాపారమును మొదట అడ్డగించినదియు తెలుగు రాష్ట్రములే. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టములను సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. మన తమిళనాడు చేసిన తొలి చట్టమును 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టివేసెను. రెండవ చట్టము 2023 ఏప్రిల్‌లో అమలులోనికి రాగా, ఆ నవంబరులో హైకోర్టు రమ్మీ, పోకర్ ఆటలను దాని నిషేధమునుండి తప్పించెను. పిమ్మట 2025 ఫిబ్రవరిలో రాష్ట్రము నియమములు చేసినది. రాత్రి 12 గంటలనుండి ఉదయము 5 గంటలవరకు పందెపు ఆట లాడరాదనుట అందొకటి. ఆ జూన్‌లో హైకోర్టు దానిని సమర్థించెను. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టము చేయగా, 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించెను. అదే చట్టము పందెము లేని పోటీ ఆటలను గుర్తించినది. ఆ మాసముననే భారత క్రికెట్ జట్టు చొక్కాపైనున్న డ్రీమ్ 11 పేరు తొలగిపోయెను.

ఈ చట్టములన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది ఆ అర్ధరాత్రి నియమము. ఆట నేర్పా, అదృష్టమా యని న్యాయస్థానములు వాదించుకొనుచుండగా, ఆడువాడు ఒంటరిగా నున్నాడా యను ప్రశ్న నా నియమము తాకినది. పూర్వము పేకాటలో ఓడిపోవుచున్నవానిని చూచి పక్కనున్నవాడు "ఇక చాలు, లేవయ్యా" అనెడివాడు. ఇంటిలో భార్యకు తెలిసెడిది, వీధికి తెలిసెడిది. సెల్ ఫోనులో ఓడినవానికి లేవుమని చెప్పు దిక్కు లేదు. యంత్రము "మరల ఆడుము" అనియే చెప్పును. చట్టము వచ్చినదని మనము నిశ్చింతగా నుండరాదు. ఒక పేరు మూసినచో వేరొక పేరు పుట్టును. పక్కన మనిషి కూర్చుండుటయే నిజమైన కావలి.

ఇంక భాష సంగతి. కన్సోలు ఆటలలో తెలుగువారి చేయి లేదనరాదు. 2009లో ప్లేస్టేషన్ 2 కొరకు వెలువడిన హనుమాన్: బాయ్ వారియర్ అను ఆటను హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ సంస్థ తయారుచేసెను. పూర్తిగా మన దేశములోనే రూపొందిన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి పేరు వచ్చెను. దేవుని బొత్తాములతో ఆడించుట తగదని అమెరికాలోని ఒక హిందూ సంఘ నాయకుడు అభ్యంతరము చెప్పెను. ఆంజనేయుని వేషము కట్టి వీధినాటకములాడిన మన జాతికి ఆ యభ్యంతరము గట్టిదిగా తోచదు. ఆటగా అది అంత బాగుండలేదనునదే అసలైన లోపము.

బాగుండిన ఆటకు ఉదాహరణము మన పొరుగువారు చూపిరి. కెనడాలోని టొరంటోలో స్థిరపడిన ఒక తమిళ యువకుడు తన బృందముతో 2023లో వెణ్బా అను ఆట చేసెను. 1980 తరువాతి యేండ్లలో కెనడాకు పోయిన ఒక తమిళ కుటుంబపు కథ అది. తల్లి వంటపుస్తకము చిరిగిపోయి యుండును. చెదరిన వ్రాతనుబట్టి ఇడ్లీ ఎట్లు వండవలెనో ఆడువారే ఊహించి తెలిసికొనవలెను. ఇడ్లీ పళ్ళెములను ఆవిరి అన్నిటికిని తగులునట్లు అమర్చుటయే ఒక చిక్కు ప్రశ్న. కొడుకు పెరిగినకొలది తల్లి భాషకు దూరమగును. తెర ముందు కూర్చున్న మాకు అది కెనడా కథగా తోచలేదు. సత్తువాచారిలోను, గుడియాత్తములోను తెలుగు మాట్లాడగలిగి తెలుగు చదువజాలని మన పిల్లల కథగనే తోచెను. ఆ చిన్న ఆటకు 2024లో బ్రిటిషు చలనచిత్ర అకాడమీవారు తొలి ఆట బహుమతి నిచ్చిరి. పులిహోర కలుపు విధమును, ఊరగాయ జాడీని, వెల్లూరు కోటను ఆటగా చేయగల తెలుగు బిడ్డ మన యిండ్లలోనే యుండవచ్చును. ఇంజనీరింగు చదువుచున్న మన యువకులు ఈ మాట మనసున నుంచుకొందురు గాక.

అట్టి ఆట వచ్చువరకు మేము చేతులు ముడుచుకొని కూర్చుండుమనము. మేము ఆడిన పెద్ద కన్సోలు ఆటలలో తెలుగు మాట వినబడలేదు. వ్యాపారి మన భాషను లెక్కింపనప్పుడు దానిని మనమే అందింపవలెను. అందించు మార్గము సులభము. ఇద్దరు కలిసియే ఆడదగిన ఆటలు నేడును కలవు. స్వీడనునుండి 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ అను ఆటను ఒక్కరు ఆడుటకు వీలే లేదు. ఆ యేడు ఉత్తమ ఆటగా దానికి బహుమతి వచ్చెను. ఓవర్‌కుక్డ్ అను ఆటలో నలుగురు ఒక వంటశాలలో పరుగెత్తుదురు. ఉల్లిపాయ తరుగువా డొకడు, గిన్నె కడుగువా డొకడు. కేకలు లేక ఆ వంట కాదు. ఆ కేకలు ఏ భాషలో వేయుదుమో అది మన చేతిలోని పని.

కన్సోలు ఖరీదైనది, సామాన్య కుటుంబమునకు అందునా యని ఒక పెద్దాయన మమ్ము ముందుగనే అడిగిరి. ఉచితమైన ప్రశ్న. క్రొత్త యంత్రమే కావలెనని లేదు. ఒక తరము వెనుకటి యంత్రము, చేతులు మారినది, డిస్కులతో సహా తక్కువ వెలకు దొరకును. అదియు వలదన్నచో దాయపు పటము గీయుటకు సుద్దముక్క చాలును. మా వాదము యంత్రము కొరకు కాదు. ఇక చదువు చెడునను భయమును మేము తేలికగా తీసికొనము. ఆటపై అదుపు తప్పుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగముల పట్టికలో చేర్చెను. ఆట మానుమని చెప్పిన పిల్లవాడు సెల్ ఫోనుతో మిద్దె యెక్కును. హాలులో అందరి యెదుట ఆడుమని చెప్పినవాడు భోజనమునకు పిలిచినప్పుడు లేచును.

కావున మా సూచనలు ఇవి. యంత్రమును పిల్లల గదిలో గాక హాలులో నుంచుడు. రెండవ ఆట కొనుటకు ముందు రెండవ కంట్రోలరు కొనుడు. డిస్కు పెట్టు వీలున్న యంత్రమునే ఎంచుకొనుడు. పిల్లల చేతి ఫోనులో మీ బ్యాంకు కార్డు వివరములు నిలువ నుంచకుడు. తెరపైని ఇంగ్లీషు కథను పిల్లవాడు అవ్వకు తెలుగులో చెప్పవలెనను కట్టుబాటు పెట్టుడు. మా యింట అవ్వ అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేక పిల్లలు కథనే మరల మొదటినుండి చూచుట కలదు. వారమున కొక్కసారియైనను పెద్దలు కంట్రోలరు పట్టుకొని ఓడిపోవుడు. తాతను ఓడించిన పిల్లవాడు ఆ సంగతి వీధి చివరివరకు తెలుగులోనే చాటును.

సంఘమునకు ఒక ప్రార్థన. మన గ్రంథాలయపు అలమారలో ఒక అర ఖాళీగా నున్నదని విన్నాము. ఇంటింట ఆడి ముగించిన డిస్కులు దుమ్ముపట్టి పడియున్నవి. వాటిని అచ్చట చేర్చి, పుస్తకముల వలెనే పేరు వ్రాసికొని ఎరువిచ్చు ఏర్పాటు చేయుదము. పందెపు ఆటలు, పిల్లలకు తగని హింస గలవి చేర్చవలదు. ఆ యెంపికకు ఇద్దరు తల్లులను, ఒక కళాశాల విద్యార్థిని నియమింపుడు. మా వంతుగా పదునొకండు డిస్కులు ఈ సంచిలో తెచ్చితిమి. కార్యదర్శిగారు వాటిని స్వీకరించి పట్టికలో వ్రాసికొందురని నమ్ముచున్నాము.